తెరమీద చోటు

అయినా బొటనవేలితో నొక్కుతుందని ఎవరనుకుంటారు, నెలల తరబడి ఆ బటన్ని ఇంకాస్త పెద్దది, ఇంకాస్త పెద్దది చేసుకుంటూ వచ్చి, చూపుడువేలు ఎంత వణికినా గురి తప్పకుండా చూసుకున్నాడు గానీ, మనిషి చూపుడువేలిని ఊరికే గాల్లో నిలబెట్టి బొటనవేలిని దించుతుందని అతనికి తట్టనే లేదు, తట్టాలి కదా మరి, మేనత్త చెయ్యి అతనికి కొత్తదా, ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా ఆగే ఓపిక లేక కుట్టు మడతల్ని బొటనవేలితోనే రుద్ది కూర్చోబెట్టే చెయ్యి అది, ఆ వేలి చివర ఇప్పటికీ కాస్త చదునుగా ఉంటుంది, చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద ముందు ఆ చదునే తగిలేది, ఇప్పుడదే వేలు తెర మీదికి దిగి, మొదలు అని రాసి ఉన్న బటన్ని మడత నొక్కినట్టు నొక్కింది, నొక్కి తియ్యలేదు, తీస్తే విడిపోతుందేమో అన్నట్టు, తెర కూడా పాపం ఏం చెయ్యాలో తెలియక ఒక్క క్షణం ఆగి, తర్వాత మెల్లగా తెరుచుకుంది, హమ్మయ్య అనుకున్నాడు, పైకి అనలేదు, అనకూడదు, ఇక్కడి పద్ధతి అది, తెరని తయారుచేసిన వాడు గది వెనక గోడకి ఆనుకుని స్టూలు మీద కూర్చోవాలి, చూడాలి, రాసుకోవాలి, నోరు మాత్రం విప్పకూడదు, వేలు పెట్టి చూపించకూడదు, అర్థమయ్యేట్టు దగ్గకూడదు, ఎందుకంటే రేపు ఈ తెర రికార్డుల ఆఫీసుల్లో జనం ముందుకి వెళ్ళి నిలబడినప్పుడు ప్రతి ముసలమ్మ వెనకా ఈయనగారు స్టూలు వేసుకుని కూర్చోలేడు కదా, తయారుచేసినవాడు ఒక్క మాట సాయం చేసినా ఆ పరీక్ష చెల్లదు, ఈ నియమం గురించి కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది కూడా అతనే, ఇప్పుడు తన పాఠం తనకే గొంతుకి అడ్డం పడింది.

నిజానికి ఈ పూట ఈ కుర్చీలో కూర్చోవాల్సింది రిటైరయిన ఒక పోస్టుమాస్టరుగారు, ఆయనకి నడుం పట్టేసిందట, పరీక్షలు నడిపే అమ్మాయి పొద్దున్నే ఫోను చేసి, సార్ ఎవరో ఒక పెద్దవాళ్ళని పట్టుకురండి, ఈ ఒక్క పరీక్ష అయిపోతే చాలు, సాయంత్రానికి అన్ని ఆఫీసుల్లోనూ పెట్టేద్దామని డైరెక్టరుగారు ఒంటికాలి మీద ఉన్నారు అంటే, అతను పళ్ళు తోముకుంటూ నోట్లో నురగతోనే వంటింటి వైపు తిరిగి చూశాడు, అక్కడ అత్త అతని కూతురికి జడ వేస్తోంది, ఏం చెయ్యాలిరా అక్కడ అంది, ఏమీ లేదత్తా, ఒక తెర ఉంటుంది, వాళ్ళు అడిగింది వెతకాలి, వెతుకుతూ నీ మనసులో ఏమనిపిస్తే అది పైకి అనేస్తూ ఉండాలి, అంటే, ఓస్ అంతేనా, ఆ పని నాకు పుట్టినప్పట్నించీ వచ్చు అని రిబ్బను బిగించి, మంచి స్వెట్టరు వేసుకుని, సంచీలో ఒకటికి రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుని బయల్దేరింది, దారంతా బస్సులో ఎదుటి సీటావిడకి, మావాడి ఆఫీసుకే అమ్మా, నన్ను పిలిపించారు అని చెప్పింది, అతను కిటికీలోంచి బయటికి చూస్తూ తెలియనివాడిలా కూర్చున్నాడు గానీ లోపల ఎంత సంతోషంగా ఉందో ఎవరికి చెబుతాడు, ఇన్నాళ్ళూ ఈ పని చేస్తున్నంతసేపూ అతని కళ్ళముందు ఉన్నది ఆమే, డైరెక్టరుగారు మీటింగులో సామాన్యులకి అర్థం కావాలి, సామాన్యులకి అర్థం కావాలి అని బల్ల గుద్దినప్పుడల్లా అతనికి సామాన్యులంటే అత్తే, అక్షరాల సైజు ఎంతుండాలంటే అత్త పేపరుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటుందే అంత దూరంలో కనిపించేంత, రంగు ఏదంటే సాయంత్రం వెలుతురులో అత్త తడుముకోకుండా దారం ఎక్కించగలిగే రంగు, ఒక తప్పు కొడితే తెర కసురుకోకూడదు, చిన్న పొరపాటు జరిగింది, మళ్ళీ చూద్దాం అనాలి, ఆ వాక్యం రాసినప్పుడైతే చేయి తిరిగిన రచయితలా అతను కాసేపు కుర్చీలో వెనక్కి వాలి మురిసిపోయాడు కూడా.

ఈ పేరుని వెతకండమ్మా అని ఆ అమ్మాయి ఒక కాయితం ముందు పెట్టింది, అత్త దాన్ని చెయ్యి చాచి పట్టుకుని చూసి, వీళ్ళెవరు అంది, నిజంగా ఉన్నవాళ్ళు కాదండీ, పరీక్ష కోసం మేమే కల్పించిన కుటుంబం, అనగానే, బాగుందమ్మా, ఉన్నవాళ్ళు దొరకడమే గగనంగా ఉంటే లేనివాళ్ళని వెతకమంటావేంటి, నేను మా నాన్నని వెతుకుతాను అంది, అమ్మాయి తల తిప్పి ఇతని వైపు చూసింది, ఇతను తల దించుకుని నవ్వు దాచుకున్నాడు, ఎన్ని పరీక్షలు చూశాడు, అందరూ ఆ కాయితంలో ఉన్న పేరే బుద్ధిగా కొట్టారు, మనిషన్నవాడు ముందు తనవాళ్ళని వెతుకుతాడని ఇంతమందిలో ఒక్కరికీ ఎందుకు తోచలేదో, సరేనమ్మా మీ ఇష్టం అని అమ్మాయి అత్త గుర్తింపు కార్డు నంబరు కొట్టిపెట్టింది, అది కొడితేగానీ సొంత కుటుంబంలో బతికున్నవాళ్ళ పేర్లు తెర చూపించదు, ఇక వెతుక్కోండి, ఏమనిపిస్తే అది పైకి అనండి అంది, అంటున్నానుగా అంది అత్త.

పాత పద్ధతి ఎలా ఉండేదో ఆ అమ్మాయికి తెలియదు, చిన్నపిల్ల, అతనికి బాగా తెలుసు, తెర తెరిస్తే ముప్ఫైయో నలభైయో గళ్ళు, సంపుటం, పుట, నమోదు సంఖ్య, నమోదు చేసిన ఆఫీసు కోడు, ఏ ఒక్క గడి ఖాళీగా వదిలినా ఎర్రగా ఉరిమి చూసేది, పని మొదలుపెట్టే ముందు అతను కొన్నాళ్ళు కౌంటరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, జనం ఎలా వస్తారో చూద్దామని, ఒక పెద్దాయన వచ్చి, మా అమ్మ పేరు తెలుసు బాబూ, ఆవిడ చెయ్యి కాలితే ఏ ఆకు రాసుకునేదో కూడా తెలుసు, ఆవిడ సంపుటం సంఖ్య నాకేం తెలుసు అని, కోప్పడను కూడా కోప్పడకుండా టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు, ఆ వెళ్ళిపోయిన వీపు అతనికి చాలా రోజులు నిద్రలో కనిపించింది, అందుకే తన తెర మీద రెండే గళ్ళు పెట్టాడు, పేరు, అమ్మదో నాన్నదో పేరు, కింద ఒక్క బటను, అంతే, నొక్కితే పై నుంచి కిందికి కుటుంబం, ఒక్కో మనిషికి ఒక్కో చీటీ, చీటీకీ చీటీకీ మధ్య ఒక గీత, అనుకున్నంతసేపు బాగానే ఉంది గానీ, మొదటిసారి నిజం రికార్డుల మీద నడిపి చూస్తే చీటీల మీద చీటీలు, గీతల మీద గీతలు, కుట్టుమిషను అడుగున బాబిన్ దారం చిక్కుపడ్డట్టు తయారైంది, ఏంటయ్యా ఇది, నాకే కళ్ళు తిరుగుతున్నాయి, తగ్గించు, మనుషుల్ని తగ్గించు అన్నాడు డైరెక్టరు, అప్పుడు రాశాడు ఆ ఒక్క వాక్యం, టీ చల్లారేలోపు రాసేశాడు, కంప్యూటరు భాషలో రాశాడు గానీ దాన్ని మన మాటల్లో చెప్పాలంటే, చివరి తరాన్ని ఉంచి, పై తరాల్లో ఎవరికి పిల్లలు లేరో వాళ్ళని చూపించకు, అంతే, దానికి తర్కం కూడా ఉంది, జనం వెతికేది తాతముత్తాతల నుంచి తమ దాకా వచ్చే దారిని, ఆ దారిలో లేనివాళ్ళు ఎందుకు, తీసెయ్యలేదు కదా, రికార్డుల్లో భద్రంగానే ఉంటారు, తెర మీదికి రారు, అంతేగా, ఆ వాక్యం పెట్టి మళ్ళీ నడిపితే తెర ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది, మధ్యలో తెల్లగా, విశాలంగా, ఎంత చోటో, అందరూ చప్పట్లు కొట్టారు, డైరెక్టరు వీపు తట్టాడు.

చోటంటే అతనికి పిచ్చి, అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలియనంత అమాయకుడేం కాదు, పెరిగిన ఇల్లు అలాంటిది, ఒక గది, ఒక వంటిల్లు, గది మధ్యలో కుట్టుమిషను, గోడలకి చేరేసి బట్టల మూటలు, బళ్ళ యూనిఫారాలు, హోటళ్ళ కర్టెన్లు, ఎవరెవరివో దిండు గలేబులు, లెక్కలు చేసుకోవాలంటే మిషను కింద పెడలు పక్కన దూరి కూర్చోవాలి, పైన అత్త తొక్కుతుంటే పెన్సిలు గీత వంకరపోయేది, అమ్మ పోయినప్పుడు అతనికి ఊహ తెలియదు, నాన్న దూరాలకి లారీ తోలేవాడు, వచ్చినప్పుడు గదిలో పడుకుంటే కాళ్ళు వంటింట్లోకి వెళ్ళేవి, పొద్దున్నే అత్త ఆ కాళ్ళు దాటుకుంటూ పాలు కాచేది, అన్నయ్యా కాస్త మడుచుకో, ఇది ఇల్లు, నీ లారీ కాదు అనేది, చాపలో సూదులు దొరికేవి, చొక్కా జేబులో సుద్దముక్కలు దొరికేవి, ఒక్క గోడైనా ఖాళీగా ఉండే ఇంట్లో ఉండాలని, ఉంటానని, ఆ మిషను కింద కూర్చుని ఒట్టు పెట్టుకున్నాడు, ఉంటున్నాడు కూడా, ఇప్పుడతని గోడల మీద ఒక్క మేకు ఉండదు, ఆఫీసులో అతని బల్ల చూసినవాళ్ళు ఈయన రాజీనామా చేశాడా అని అడుగుతారు, అందుకే ఆ తెల్లటి తెరని చూసినప్పుడు, ఎందుకు దాచుకోవాలి, కన్నకూతురు మొదటిసారి నవ్వినప్పటికీ దానికీ పెద్ద తేడా అనిపించలేదు.

అత్త ఒక్కో అక్షరం కొడుతోంది, కొట్టిన ప్రతి అక్షరాన్నీ పైకి అంటోంది, కూరగాయలవాడితో బేరమాడుతున్నట్టు, ఇదిగో వచ్చింది, ఆ, నువ్వు కాదు, పక్కది, రా తల్లీ రా, మొత్తానికి తన తండ్రి పేరు కొట్టింది, రెండో గడిలో ఆయన తల్లి పేరు కొట్టింది, బొటనవేలు దించింది, తెర ఒక్క క్షణం తెల్లబోయి, పై నుంచి మెల్లగా చీటీలు దిగాయి, నాన్న అంది, ఆ ఒక్క మాటా చిన్నపిల్లలా అంది, అమ్మ అంది, అన్నయ్యోయ్ అంది, అతను గోడకి ఆనుకుని చీటీల అంచులు చూస్తున్నాడు, బాగా వచ్చాయి, నీడ కూడా ఎంత పడాలో అంతే పడింది, ఆమె వేలు అన్నయ్య పక్క చీటీ దగ్గర ఆగింది, వదిన పేరుంది, వదినని పెట్టారు అంది అమ్మాయితో, అప్పటిదాకా అది ఉంటుందో ఉండదో అని భయపడుతున్నట్టు, ఈవిడే అమ్మా వీడి తల్లి, ఎంత చక్కగా పాడేదనుకున్నావు అంది, ఆ పాట అతనికి తెలియదు, తెలియదంటే విన్నట్టు గుర్తులేదు గానీ వరసంతా వచ్చు, అత్త మిషను తొక్కుతూ, మీ అమ్మ ఇలా పాడేదిరా అని రోజూ పాడేది, అత్తకి రాగం అస్సలు రాదు, ఆ శ్రుతి తప్పిన గొంతులోనే అతనికి తల్లి ఉంది, ఒరే పిడుగూ, నువ్వున్నావురా అని ఆమె వెనక్కి తిరక్కుండానే అరిచింది, అమ్మాయి పెదవి కొరుక్కుంది, ఆఫీసులో ఇకనించీ తన పేరు ఇదే అని అతనికి అర్థమైపోయింది, ఇదిగో చిట్టి కూడా ఉంది, బంగారుతల్లి, ఎంత చివర కూచుందో చూడు అంది, అతని కూతురి చీటీని వేలితో బుగ్గ నిమిరినట్టు నిమిరింది.

తర్వాత వేలు మళ్ళీ పైకి వెళ్ళింది, ఎందుకు వెళ్ళిందా అనుకున్నాడు, అన్నయ్య చీటీ దగ్గరికి వెళ్ళి, వదిన చీటీ కూడా దాటి మెల్లగా కుడివైపుకి జరిగింది, అక్కడేమీ లేదు, తెలుపు, అతనికి ప్రాణమైన తెలుపు, వేలు ఆ తెలుపులో కొంచెం దూరం వెళ్ళి ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, చీకట్లో మంచం అంచు తడుముకున్నట్టు, అతను అలవాటు కొద్దీ రాసుకున్నాడు, కుడివైపు ఏదో ఉందని వెతుకుతోంది, బాణం గుర్తు పెట్టాలేమో, అని రాసి, పెట్టాలేమో దగ్గర కలం ఆగిపోయింది, అన్నయ్య తర్వాత ఎవరుంటారు, అన్నయ్య తర్వాత చెల్లెలు ఉంటుంది.

ఎవరికి పిల్లలు లేరో వాళ్ళని చూపించకు, అదేగా వాక్యం, టీ చల్లారేలోపు రాసింది, ఆమె రికార్డుల్లో పెళ్ళి లేదు, సంతానం లేదు, కింద గీత లేదు, కనక చీటీ లేదు, అతను చెప్పినట్టే తెర చేసింది, తెర బుద్ధిమంతురాలు, ఇన్ని పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదంటే, కల్పించిన ఆ కుటుంబంలో చివరి తరం తప్ప అందరికీ పిల్లలున్నారు, చివర్నించి పైకి కల్పించుకుంటూ వెళ్ళారు కదా, పిల్లలకి తల్లిదండ్రులు కావాలి, వాళ్ళకి తల్లిదండ్రులు కావాలి, మేనత్త ఎవరికి కావాలి, కుటుంబాన్ని కల్పించేటప్పుడు ఎవరూ మేనత్తని కల్పించరు, అయినా పరీక్ష రాసినవాళ్ళని అనడం దేనికి, వాళ్ళని ఎవరు పెంచారో తనకి తెలియదు, తనని ఎవరు పెంచారో తనకి తెలుసు కదా, మిషను కింద నిద్రపోతే ఎత్తి పడుకోబెట్టింది ఎవరు, బడి ప్యాంటు కాలి దగ్గర లోపలికి ఇంత గుడ్డ మడిచి కుట్టి, ఏటేటా విప్పి పొడుగు చేసింది ఎవరు, అక్షరాల సైజు ఎవరి కోసం పెంచాడు, రంగు ఎవరి కోసం ఎంచాడు, బటను ఎవరి వేలి కోసం గీశాడు, ఆమె కోసమే కట్టిన ఇంట్లో ఆమెకే చోటు ఉంచలేదు, తలుపులు కిటికీలు అన్నీ ఆమె ఎత్తుకి పెట్టి, ఆమెని బయట నిలబెట్టాడు, అనేదేదో అనెయ్యి అత్తా, అని మనసులో బతిమాలుకున్నాడు, తిట్టు, నేను లేనేంటిరా అని కేకెయ్యి, నువ్వు అరిస్తే ఈ అమ్మాయి రాసుకుంటుంది, పరీక్ష తప్పుతుంది, నాకు దారి దొరుకుతుంది.

అత్త ఏమీ అనలేదు, పుట్టినప్పట్నించీ మనసులో మాట పైకి అనడం తప్ప వేరే పద్ధతి తెలియని మనిషి, వేలు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది, అమ్మా, ఏమనిపిస్తోందో చెప్పండి అంది అమ్మాయి, శుభ్రంగా ఉందమ్మా అంది అత్త, చాలా శుభ్రంగా ఉంది, కళ్ళకి హాయిగా ఉంది అంది, మీరు వెతికినవాళ్ళంతా కనిపించారా, ఎవరైనా తప్పిపోయారా, ఇది ఆఖరి ప్రశ్న, దీనికి వచ్చే జవాబు మీదే అంతా ఉంది, అత్త మొహం పక్కనించి కనిపిస్తోంది, కనురెప్ప కొట్టలేదు, అందరూ ఉన్నారు, ఎవరూ తప్పిపోలేదు, మావాడు బాగా చేశాడని రాసుకో అంది, ఆ కనురెప్ప కొట్టని మొహం అతనికి తెలుసు, ఇంకెవరికీ తెలియకపోయినా అతనికి తెలుసు, బడి ఎగ్గొట్టి రైల్వే బ్రిడ్జి కింద చేపలు చూస్తూ దొరికిపోయిన రోజు, హెడ్మాస్టరు గదిలో, మీరు వీడికి ఏమవుతారు అని ఆయన అడిగితే, వాళ్ళింటి మనిషినండీ అని, నిన్న వీణ్ణి నేనే ఇంట్లో ఉంచేశాను, మిషను రిపేరుకి మోసుకెళ్ళాలి, తోడు కావాల్సివచ్చింది అని, ఇదే మొహంతో, ఇంత తొణక్కుండా అబద్ధం ఆడింది, ఆ సాయంత్రం అతని ప్యాంటు మడత విప్పుతూ దారం పంటితో కొరికిన చప్పుడు మాత్రం కాస్త గట్టిగా వినిపించింది, అంటే ఇప్పుడు చూసింది, చూసి అర్థం చేసుకుంది, తను అందులో లేదని తెలిసి, మావాడి పని చెడకూడదని, మళ్ళీ అతని కోసం అబద్ధం ఆడింది.

అమ్మాయి టిక్కు పెట్టబోతోంది, ఊరుకుంటే సరిపోతుంది కదా అని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు, అనిపించింది, సాయంత్రం తెర వెళ్ళిపోతుంది, తర్వాత తీరిగ్గా ఎప్పుడో ఆ వాక్యం తీసెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు, అత్త ఈ జన్మలో ఆ మాట ఎత్తదు, ఇంటికెళ్ళి టీ పెట్టి, ఏరా అలసిపోయావా అంటుంది, కానీ ఆ తర్వాత ఎప్పుడో అనే రోజు వచ్చేలోపు ఎన్ని ఆఫీసుల్లో ఎంతమంది మేనత్తలు, పిన్నులు, బాబాయిలు తెర ముందు కూర్చుని తెల్లటి చోట వేలు పెట్టి వెతుక్కుంటారు, వెతుక్కుని, పక్కనున్న పిల్లాడి మొహం చూసి, శుభ్రంగా ఉంది అంటారు, ఈ లోపలే తను లేచి నిలబడి ఉన్నాడని స్టూలు పడిన చప్పుడుకి తెలిసింది, తప్పిపోయారు, ఒకరు తప్పిపోయారు అన్నాడు, సార్, మీరు మాట్లాడకూడదు సార్ అంది అమ్మాయి కంగారుగా, తెలుసమ్మా, పరీక్ష చెల్లదని రాసెయ్యి అన్నాడు, అత్త వెనక్కి తిరక్కుండానే, కూర్చోరా, ఆ పిల్ల రాసుకుంటోంది, బాగుందని చెప్పానుగా, చేజేతులా చెడగొట్టుకోకు అంది, అత్తా, అందులో నువ్వు లేవు, అంటే, నాకు తెలుసు, కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను అంది, అని, గొంతు తగ్గించి, నా కింద గీత గియ్యడానికి ఎవరున్నార్రా, ఆ యంత్రానికి కనిపించకపోతే అది మాత్రం ఏం చేస్తుంది అంది, యంత్రం కాదత్తా, నేనే, నిన్ను తియ్యమని దానికి చెప్పింది నేనే, చూసుకోలేదు అన్నాడు, అత్త అప్పుడు తిరిగింది, చూసింది, చూసుకోకపోతే ఇప్పుడు చూసుకో, దానికంత మొహం పెడతావేం, తప్పిపోయిన దూడలాగా అంది.

అతను ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఆ వాక్యాన్ని వెతికి తీసేశాడు, ఒక్క గీటు, రాసినంతసేపు కూడా పట్టలేదు, ఇప్పుడు నొక్కత్తా అన్నాడు, బొటనవేలు దిగింది, చీటీలు మొదలయ్యాయి, ఆగలేదు, తాత పక్కన తాత తమ్ముడు, అలిగి ఇల్లు వదిలి వెళ్ళి తిరిగి రాని మనిషి, నాయనమ్మ పక్కన ఆవిడ చెల్లెలు, పుట్టుగుడ్డిది, ఏ బట్ట ఎవరిదో ముట్టుకుని చెప్పేదట, ఎవరెవరో, కింద గీతల్లేని వాళ్ళంతా, ఇన్నాళ్ళూ గుమ్మం బయట నిలబడి ఉన్నట్టు ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చేశారు, చీటీలు చిన్నవైపోయాయి, గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అత్త రెండో కళ్ళజోడు తీసి మొదటిదాని మీదే పెట్టుకుని ముందుకి వంగింది, తన చీటీ కోసం అనుకున్నాడు, ఆమె వేలు అటు వెళ్ళలేదు, అన్నయ్య చీటీకి ఎడమవైపు, అతనికి కూడా తెలియని ఒక చీటీ దగ్గర ఆగింది, పేరు ఉండాల్సిన చోట పేరు లేదు, ఆడశిశువు అని ఉంది, పుట్టిన తేదీ, పోయిన తేదీ, మధ్యలో కొన్ని రోజులు, మా అమ్మ అనేది అంది అత్త, ఎప్పుడైనా మనసు బాగాలేనప్పుడు అనేది, మీకంటే ముందు ఒకర్తి పుట్టిందే, పేరు పెట్టేలోపే పోయింది అని, రాశారన్నమాట, ఎవరో రాసిపెట్టారన్నమాట, ఆ చదునైన బొటనవేలు ఆ చీటీ మీద మెత్తగా, నొక్కకుండా ఊరికే ఆనింది, అక్కా అంది, ఇంత వయసు వచ్చేదాకా ఆ నోటెంట ఎవరినీ ఆ పిలుపు పిలవగా అతను వినలేదు, ఆమెకి కూడా కొత్తగా ఉన్నట్టుంది, మళ్ళీ అంది, అక్కా, ఇదిగో, అన్నయ్యకి అటు నువ్వు, ఇటు నేను, పరీక్షలు నడిపే అమ్మాయి కలం మూసేసి కిటికీ వైపు తిరిగింది, బల్ల మీద ఫోను మోగుతోంది, డైరెక్టరుగారే, అతను ఎత్తి, ఈ సాయంత్రం కాదండీ, లేదండీ, పరీక్ష తప్పింది, నా తప్పే, వచ్చి చెబుతాను అని పెట్టేశాడు, ఆయన అరుపు ఫోను పెట్టాక కూడా కాసేపు గదిలో ఉంది.

అబ్బ, ఎంత ఇరుకైపోయిందిరా, అంది అత్త తెర వంక చూస్తూ, నీకు ఇరుకు నచ్చదుగా, మొదట్లోదే బాగుంది, కావాలంటే నన్ను ఏ మూలకో చిన్నగా పెట్టు, అంది, అతను చూశాడు, నిజమే, ఇరుకే, ఒకరి భుజం ఒకరికి రాసుకుంటున్నట్టు చీటీలు, ఊపిరాడనన్ని గీతలు, డైరెక్టరు చూస్తే కళ్ళు తిరిగి పడతాడు, దీన్ని చదవగలిగేట్టు చెయ్యడానికి మళ్ళీ ఎన్నాళ్ళు పడుతుందో, చేస్తాడు, ఒక్కర్నీ తగ్గించకుండా చేస్తాడు, చీటీల్ని కాస్త సర్దుకోమంటాడు, కాస్త మడుచుకో అంటాడు, అన్నయ్యా ఇది ఇల్లు, నీ లారీ కాదు, ఆ గొంతు వినిపించింది, ఆ గది కనిపించింది, మూటలు, మిషను, వంటింట్లోకి చాచిన నాన్న కాళ్ళు, చాప మీద తను, మధ్యలో తను, నిద్రలో కలవరించి దొర్లే పిల్లాడు, అమ్మ లేని పిల్లాడు, ఇటు దొర్లితే నాన్న వీపు తగిలేది, అటు దొర్లితే అత్త మోచెయ్యి తగిలేది, ఎటు దొర్లినా ఎవరో ఒకరు తగిలేవారు, తగలగానే నిద్ర పట్టేది, ఇంతకాలం ఆ గదిలో చోటు లేదనే అనుకున్నాడు, చోటు లేకపోవడమేంటి, చోటంతా తనకే ఇచ్చి వాళ్ళు అంచులకి జరిగి పడుకున్నారు, ఉండనీ అత్తా, ఇలాగే ఉండనీ, అన్నాడు, ఆమె భుజానికి భుజం ఆనించి తెర ముందు అలాగే కూర్చున్నాడు.